ఇరవై రెండో మాట

ఆ వేసవి ఉదయం శేషగిరి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, సైకిలెక్కి, గిలకలదిండి రేవుకు వెళ్ళి, పడవలవాళ్ళ పెద్ద పోతయ్యను ఒక్క మాట అడిగి, పది గంటలకల్లా కచేరీలో తన కుర్చీలో కూర్చోవాలి. ఒక్క మాటే. లోకంలో కొంపలు మునిగే వ్యవహారాల్లో సగం ‘ఒక్క మాట’తోనే మొదలవుతాయని అప్పటికి అతనికి అనుభవం లేదు.

శేషగిరి కాపురం బందరు గొడుగుపేటలో. ఉద్యోగం రేవు దగ్గర ఓ కచేరీలో. దాని పూర్తి పేరు చెబితే వారసులెవరైనా నొచ్చుకోవచ్చు కనుక మనం రేవు కచేరీ అనుకుందాం. మద్రాసు నుంచి గాలివానల కబురు తంతిలో వచ్చేది. దాన్ని తెలుగు చేసి, గుండ్రటి అక్షరాలతో రాసి, బయట బోర్డుకు అంటించడం అతని పని. అంతకుముందు పదేళ్ళు బడిపంతులుగా వెలగబెట్టినవాడు కావడం వల్ల అతని తెలుగు అటక మీది ఇత్తడి సామానులా ఉండేది. చూడటానికి ఘనంగా ఉంటుంది, రోజూ వాడుకోవడానికి పనికిరాదు. వాన పడవచ్చు అని రాయవలసిన చోట ‘వర్షపాత సంభావ్యత గోచరించుచున్నది’ అని రాసేవాడు. అది చదివి ఓ పెద్దమనిషి గ్రహణం పడుతోంది కాబోలనుకుని పట్టుస్నానానికి బయల్దేరాడని చెప్పుకునేవారు.

అసలు ఆ బోర్డు చదివేవాళ్ళే తక్కువ. చదువొచ్చినవాళ్ళకు సముద్రంతో పని లేదు, సముద్రంతో పని ఉన్నవాళ్ళకు చదువు రాదు. గొడుగుపేట ఆడవాళ్ళకైతే బోర్డుతో నిమిత్తమే లేదు. వాళ్ళకు శేషగిరి ఇంటి డాబా ఉంది. తంతి చూసే ఆయన భార్య డాబా మీద ఏదైనా ఆరబెట్టిందంటే ఎండ ఖాయం, తీసేసిందంటే వాన ఖాయం. వీధి మొత్తం ఆ డాబాను చూసే వడియాలు పెట్టేది, ఆ డాబాను చూసే బట్టలు తీసేది. ఆ భార్య వేదవతి ఏనాడూ మొగుణ్ణి అడిగి ఆరబెట్టలేదు. పొద్దున్నే తూర్పు వైపు ఓసారి చూసి, తన ఇష్టం వచ్చినట్టు చేసేది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి!

ఇక శేషగిరి కష్టం ఏమిటంటే, ఆ ఉద్యోగం పదకొండు నెలలుగా యాక్టింగే. పర్మనెంటు కావాలంటే పై అధికారి దైవాధీనంగారు కాగితం మీద మంచిమాట రాయాలి. వారం కిందట మద్రాసు నుంచి ఓ అచ్చు ఫారం వచ్చింది. అందులో ఎండకూ వానకూ గాలికీ సంబంధించిన ఇంగ్లీషు మాటలు ఇరవై రెండున్నాయి. ఒక్కొక్క దానికీ మీ ప్రాంతపు జనం ఏ మాట వాడతారో, ఏ అర్థంలో వాడతారో రాసి పంపాలి. శేషగిరికి పండగైపోయింది. రెండు రోజుల్లో నింపి దైవాధీనంగారి ముందు పెట్టాడు.

దైవాధీనంగారు మిషన్ బళ్ళో చదువుకుని పైకొచ్చిన మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు.

“శేషగిరిగారూ, తుంపరకి ‘శీకరము’ అని రాశారు. మీ ఇంట్లో అలాగే అంటారా అండీ?”

“ఇంట్లో అనమండీ. గ్రంథాల్లో ఉంది.”

“గ్రంథాలు తడవవు కదండీ. తడిసేవాళ్ళు ఏమంటారో అది కావాలి. ఇదేంటిది, స్క్వాల్ అనే దానికి ‘ఝంఝామారుతము’ అని రాశారు. రేపు బోర్డు మీద ఝంఝామారుతం అని రాస్తే బందరులో ఒక్కడైనా పడవ ఆపుతాడా? దేవుడి భజన ఉంది కాబోలనుకుంటాడు. వెళ్ళండి. జనాన్ని అడిగి రాయండి. శుక్రవారం సాయంత్రం మెయిల్లో వెళ్ళాలి. వెళ్తే మీ పర్మనెంటు కాగితం కూడా దాంతోనే వెళ్తుంది. లేకపోతే…” అని ఆపేశారు. ఆ ఆపడంలోనే అంతా ఉంది.

ఆవేళ శుక్రవారం. చివరిదైన స్క్వాల్ ఒక్కటి మారిస్తే చాలు, మిగతా ఇరవై ఒకటీ అవే ఉండనిద్దామనుకుని శేషగిరి ఫారం మడిచి జేబులో పెట్టుకుని బయల్దేరుతుంటే వేదవతి డాబా మీది నుంచి తొంగిచూసింది. అక్కడ తాటాకు చాపల నిండా మాగాయ ముక్కలు. వంద కాయల మాగాయ, మూడో ఎండ.

“ఏమండీ, ఇవాళ ముక్కలు గలగల్లాడతాయి. సాయంత్రానికి కారం కలిపేస్తాను. త్వరగా రండి.”

“వస్తాలే. ఒక్క మాట అడిగి రావడమేగా” అన్నాడు శేషగిరి.

రేవు దగ్గర పడవలు నీళ్ళలోకి తోస్తున్నారు. కచేరీలో పదకొండు నెలలున్నా శేషగిరి ఆ ఇసుకలో కాలు పెట్టడం అదే మొదటిసారి. చెప్పులు చేత్తో పట్టుకుని, పంచె పైకి దోపుకుని, పోతయ్య దగ్గరికి వెళ్ళాడు. పోతయ్యకు అరవై ఏళ్ళుంటాయి. అతను పడవ తోస్తే అందరూ తోస్తారు. అతను ఆగితే అందరూ ఆగుతారు.

“పోతయ్యా, ఒక్క మాట.”

“చెప్పండి బాబుగారూ.”

“ఆకాశం శుభ్రంగా ఉంటుంది. సముద్రం బాగానే ఉంటుంది. ఉన్నట్టుండి, చెప్పాపెట్టకుండా ఓ గాలి వచ్చి మీద పడుతుంది చూడు, పడవల్ని తిరగేసే గాలి…”

పోతయ్య చేతిలో తెడ్డు ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తోయడం ఆపారు.

“అదేనయ్యా, మనుషులు మునిగిపోయే గాలి. అది నాకు ఇవాళ సాయంత్రంలోగా కావాలి.”

“సాయంత్రంలోగానా బాబూ?”

“ఆఁ. లేకపోతే నా పని అయిపోతుంది.”

పోతయ్య ఒకసారి ఆకాశం వంక చూశాడు. అక్కడ మచ్చుకైనా మబ్బు లేదు. మళ్ళీ శేషగిరి ముఖం వంక చూశాడు. అక్కడ మాత్రం బాగా మబ్బు పట్టి ఉంది.

“మద్రాసు నుంచి వచ్చిందా బాబూ కబురు?” అన్నాడు మెల్లగా.

“వచ్చి వారమైంది. నేనే ఆలస్యం చేశాను.”

గిలకలదిండిలో ఒక పద్ధతి ఉంది. పడవ నీళ్ళలోకి దిగే వేళ ఆ గాలి ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తితే పిలిచినట్టే. పొరపాటున పసివాడు ఎత్తినా సరే, ఆ పూట పడవ దిగదు. ఇక్కడ ఎత్తినవాడు పసివాడు కాదు, సాక్షాత్తూ తంతులు చూసే గుమాస్తాగారు. పోతయ్య మారుమాట్లాడకుండా పడవను వెనక్కి లాగించాడు. పక్కవాడు లాగాడు. ఆ పక్కవాడు లాగాడు. చూస్తుండగానే ఒడ్డు పొడుగునా పడవలన్నీ ఇసుకలోకి ఎక్కేశాయి.

శేషగిరికి ఏమీ అర్థం కాలేదు. అడిగిన పద్ధతి నచ్చక పోతయ్యకు కోపం వచ్చిందనుకున్నాడు. సరే, ఉప్పు మళ్ళ వాళ్ళను అడుగుదామని సైకిలు అటు తిప్పాడు. అక్కడా అదే ప్రశ్న వేశాడు. వాళ్ళు అతని వంకా, దూరాన పైకెక్కిన పడవల వంకా చూసి, సమాధానం చెప్పడం మానేసి ఉప్పు కుప్పల మీద గబగబా తాటాకులు కప్పడం మొదలుపెట్టారు. “ఇవాళ అందరికీ ఒకేసారి పని తగిలిందే!” అని విసుక్కుని, ఓ చెట్టు కింద కూర్చుని, ఫారం తీసి ఇరవై రెండో గడి వంక చూస్తూ ఉండిపోయాడు. ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు.

అతను కునికిన రెండు గంటల్లో బందరులో ఏం జరిగిందో తర్వాత పదిమంది పది రకాలుగా చెప్పారు. అందులో నిజమనిపించినంత వరకు ఇదీ సంగతి.

చేపలు అమ్ముకునే సువార్తమ్మ ఖాళీ బుట్టతో రేవు నుంచి తిరిగొస్తూ గొడుగుపేట మొదట్లో నీడకు ఆగింది. అక్కడ అరుగు మీద రామలక్ష్మమ్మగారున్నారు. ఆవిడకు డెబ్భై ఆరేళ్ళు. చేప పేరు వింటే ముక్కు మూసుకునే మనిషే గాని, ఎవరి బుట్ట ఎందుకు ఖాళీగా ఉందో తెలుసుకోకుండా ఉండలేదు.

“ఏమే సువార్తమ్మా, ఉత్త బుట్టతో వస్తున్నావు?”

“పడవలు దిగలేదండమ్మగారూ. మీ వీధిలో గుమాస్తాగారే రేవుకొచ్చి పోతయ్యతో చెప్పారంట. సాయంత్రంలోగా పెద్ద గాలంట. వారం కిందటే తంతి వచ్చినా గాబరా పడతారని దాచారంట.”

ఆ చివరి మాట సువార్తమ్మ సొంతం కాదు, దారిలో కలిసింది. రామలక్ష్మమ్మగారు గభాలున లేచారు. తిన్నగా వేదవతి గుమ్మంలోకి వెళ్ళారు.

“ఏమే వేదవతీ, మీ ఆయన ఊరందరికీ చెప్పాట్ట. మాకు చెప్పకపోతే పోనీ, నీకైనా చెప్పాడా?”

వేదవతికి ఒళ్ళు మండిపోయింది. ఉప్పెన వస్తోందన్న భయం కంటే, రేవులో పోతయ్యకు చెప్పి ఇంట్లో పెళ్ళానికి చెప్పలేదన్న ఉక్రోషమే ఎక్కువైంది. పన్నెండేళ్ళ కాపురం! విసవిసా డాబా ఎక్కి, సగం ఎండిన ముక్కలన్నీ గోనెలో కుక్కి కిందికి దించేసింది. అంతే. ఎదురింటావిడ చూసింది. పక్కింటావిడ చూసింది. పదిహేను నిమిషాల్లో గొడుగుపేటలో ఏ డాబా మీదా ఒక్క మామిడి ముక్క లేదు.

ఇటు కచేరీలో దైవాధీనంగారు కిటికీలోంచి చూశారు. పడవలు ఒడ్డున ఉన్నాయి. తంతి పుస్తకం తిరగేశారు. అందులో ఏమీ లేదు. ఆయనకు తంతి మీద నమ్మకం ఉంది గాని, పోతయ్య మీద అంతకంటే ఎక్కువ. “మద్రాసులో కూర్చున్నవాడికేం తెలుసు? పోతయ్య పడవ లాగాడంటే ఉత్తినే లాగడు” అని బంట్రోతు జకరయ్యను పిలిచి, కంబం మీద నల్లబుట్ట ఎత్తించారు. నల్లబుట్ట ఎగిరిందంటే గాలివాన గుర్తు. ఎత్తినట్టు మద్రాసుకు తంతి కూడా కొట్టించారు.

శేషగిరి కునుకు తీసి, కళ్ళు నులుముకుని, తలెత్తి చూసేసరికి కంబం మీద నల్లబుట్ట కనిపించింది. “అయ్యో, తంతి వచ్చే వేళకు నేను కచేరీలో లేనే!” అనుకుంటూ సైకిలు మీద పడ్డాడు. దారిలో చూస్తే పడవలు ఒడ్డున ఉన్నాయి, ఉప్పు కుప్పల మీద ఆకులున్నాయి. ఇంటికొచ్చి చూస్తే డాబా బోసిగా ఉంది. ఇంక అనుమానం ఏముంది? ఎండ మాత్రం పేలిపోతోంది. ఆకు కదలడం లేదు.

“వేదం! నీకూ తెలిసిందా?” అన్నాడు రొప్పుతూ.

“ఆఁ. ఆఖరికి తెలిసింది” అంది వేదవతి ముఖం తిప్పుకుని.

“ఎవరు చెప్పారు?”

“మీరు చెప్పనివాళ్ళు.”

ఆ మాటకు అర్థం వెతుక్కునే వ్యవధి లేదు. ఊళ్ళో గట్టి మేడ అంటే రేవు కచేరీదే. గట్టి మేడ సముద్రానికి అంత దగ్గరగా కట్టడమేమిటని ఎవరూ ఆలోచించలేదు. సువార్తమ్మ వాళ్ళ పేట, గొడుగుపేట, పడవలవాళ్ళు, అందరూ పిల్లాజెల్లాతో కచేరీ మేడ ఎక్కేశారు. దివిసీమ నుంచి కోర్టు వాయిదాకు వచ్చిన చలపతిరావు అనే రైతు కూడా జనం వెంట పరుగెత్తుకొచ్చి, ఎందుకు ఎక్కాడో ఎక్కిన తర్వాత అడిగి తెలుసుకున్నాడు. రామలక్ష్మమ్మగారు ఇంట్లోంచి ఒకే ఒక్క వస్తువు తెచ్చుకున్నారు. కిందటేటి పాత మాగాయ జాడీ. దాన్ని రెండు చేతులా కావలించుకుని మూలన కూర్చున్నారు.

శేషగిరి ఆవిడకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. “భయపడకండి పిన్నిగారూ.”

“ఆనాడూ ఇలాగే ఆకు కదల్లేదురా శేషగిరీ” అన్నారు ఆవిడ. “పెద్ద ఉప్పెన నాటికి నాకు ఆరేళ్ళు. మా అమ్మ చెయ్యి పట్టుకునే ఉన్నాను. నీళ్ళొచ్చాయి. చెయ్యి జారిపోయింది. అందుకే ఏదో ఒకటి గట్టిగా పట్టుకుని కూర్చుంటాను.”

ఇరవై రెండు మాటలకు అర్థాలు వెతుకుతున్నవాడికి, ఆ ముసలావిడకు చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. ఆవిడ పక్కనే గోడకానుకుని కూర్చుండిపోయాడు.

గంట గడిచింది. గాలి లేదు, వాన లేదు. పైన కూర్చున్నవాళ్ళకు భయం పలచబడి విసుగు పట్టుకుంది. ఏమీ రాకపోయేసరికి, వచ్చేది ఏమిటని తగువు మొదలైంది.

“ఇది గాలి కాదు, ముసురు పడుతుంది” అన్నాడు చలపతిరావు.

“ముసురేంటయ్యా ఎండాకాలంలో?” అన్నాడు జకరయ్య. “ముసురంటే ఏంటో తెలుసా నీకు?”

“నాకు తెలీదూ? సూర్యుడు మూడ్రోజులు కనపడడు, వాన గట్టిగా కురవదు, ఆగదు. గొడ్లకి ఎండుగడ్డి తడిసిపోద్ది. అది ముసురు. ఆగకుండా గట్టిగా కొడితే జడి. ఏడాదికి మొదట పడి దుక్కికి పనికొస్తే తొలకరి. అదే వాన కోతలప్పుడు పడిందనుకో, దానికి మేం పెట్టే పేర్లు ఆడవాళ్ళ ముందు చెప్పకూడదు.”

శేషగిరి చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. ఫారం బయటికి వచ్చింది. పెన్సిలు వచ్చింది.

“వాన ఆగిందంటారే, దాన్ని…” అన్నాడు నెమ్మదిగా.

“ఆగడంలో రెండున్నాయిరా” అన్నారు రామలక్ష్మమ్మగారు. “తెరిపి ఇచ్చిందంటే పక్కింటికెళ్ళి నిప్పు తెచ్చుకునేంత వ్యవధి. మళ్ళీ పడుతుంది. వెలిసిందంటే ఇంక పడదు, చుట్టాన్ని పంపించేయొచ్చు.”

“జల్లంటే డాబా మీది బట్టలు తీసేలోపల వచ్చి, తీసేశాక పోయేది” అంది వేదవతి, మొగుడి మీద కోపం ఉన్నా తెలిసిన సంగతి కనుక. “తుంపరంటే గొడుగేస్తే నవ్వుతారు, వెయ్యకపోతే తడుస్తాం.”

“ఉక్కపోత రాసుకోండి బాబూ” అంది సువార్తమ్మ. “బుట్టలో చేప బజారు చేరేలోపల మెత్తబడిపోద్ది. అదీ ఉక్కంటే.”

పిల్లగాలికి దీపం ఆరదని ఒకరు, ఈదురుగాలికి తలుపులు కొట్టుకుంటాయని ఒకరు, పైరగాలి తగిలితే కోర్టు పక్షి కూడా కాసేపు నిద్రపోతాడని చలపతిరావు, ఎవరి బతుకులోంచి వాళ్ళు తీసి ఇస్తున్నారు. శేషగిరి రాసుకుంటూ పోయాడు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం చదివినట్టు తాను అన్నిటికీ ‘వర్షపాతము’ అని రాస్తూ వచ్చినందుకు సిగ్గేసింది. మూడు గంటలయ్యేసరికి ఇరవై ఒక్క గడుల్లో పాత మాటలు కొట్టేసి కొత్తవి నింపేశాడు. ఉప్పెన వచ్చి ఊరు కొట్టుకుపోతుందన్న సంగతి మరిచిపోయి, పర్మనెంటు అయిపోయినట్టే సంతోషించాడు.

అప్పుడు మద్రాసు నుంచి తంతి వచ్చింది. దైవాధీనంగారు చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివారు.

“సముద్రంలో ఎక్కడా గాలి లేదట. గుర్తు ఎందుకు ఎత్తారో వెంటనే సంజాయిషీ ఇవ్వమన్నారు” అన్నారు. “జకరయ్యా, మనం ఎందుకెత్తాం?”

“పడవలు దిగలేదని తమరే ఎత్తమన్నారండి.”

“పోతయ్యా, పడవలెందుకు దించలేదు?”

“తంతి వచ్చిందన్నారండి. సాయంత్రంలోగా గాలన్నారు.”

“ఎవరన్నారు?”

“ఆ బాబుగారేనండి” అని పోతయ్య చెయ్యి చూపించాడు.

ఆ బాబుగారెవరా అని శేషగిరి కూడా వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఏమీ లేదు. మళ్ళీ ఇటు తిరిగేసరికి మేడ మీద ఉన్న మొహాలన్నీ తనవైపే ఉన్నాయి. ఉరుము ఉరిమి మంగలం మీద పడినట్టయింది.

“నేనా? నేను… మాట అడిగాను. మాటండీ! ఫారంలో గడి…” అంటూ ఫారం పైకెత్తి చూపించాడు. పొద్దున తాను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సాయంత్రంలోగా కావాలన్నాడు. వారమైందన్నాడు. మునిగిపోయే గాలన్నాడు.

అందరికంటే ముందు వేదవతి తేరుకుంది. “అయితే మీరు ఊరందరికీ చెప్పి నాకు చెప్పకపోవడం కాదన్నమాట. ఎవరికీ ఏమీ చెప్పలేదన్నమాట!” అంది. ఆ రోజుకు అతని పక్షాన పలికిన మాట అదొక్కటే.

దైవాధీనంగారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. “సంజాయిషీ మీరే రాసి పెట్టండి శేషగిరిగారూ. పర్మనెంటు సంగతి ఇంక అనుకోకండి” అన్నారు.

నాలుగింటికి నల్లబుట్ట దింపేశారు. జనం శేషగిరిని తలో మాటా అంటూ మేడ దిగిపోయారు. ఇంకా రెండు గంటల ఎండ ఉంది కదా అని గొడుగుపేట ఆడవాళ్ళు పరుగున వెళ్ళి మాగాయ ముక్కలన్నీ మళ్ళీ డాబాల మీద పరిచారు. రామలక్ష్మమ్మగారు మాత్రం జాడీ వదల్లేదు.

కచేరీలో శేషగిరి ఒక్కడే సంజాయిషీ కాగితం ముందు కూర్చున్నాడు. ‘అయ్యా’ అని రాసి ఆగిపోయాడు. ఉద్యోగం పోతే మళ్ళీ బడికి వెళ్ళి బెత్తం పట్టుకోవాలి. వేదవతికి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుమ్మంలో అలికిడైతే తలెత్తాడు. పోతయ్య నిలబడి ఉన్నాడు.

“కోపమొద్దు బాబూ. పడవ దిగే వేళ ఆ ఊసు ఎత్తకూడదు. మీకు తెలీదు. మాకేమో తెలీని మనిషని తెలీదు.”

“పోనీలే పోతయ్యా. ఇప్పుడు పడవలు దిగడం లేదుగా. ఇప్పుడైనా చెప్పు. దాన్నేమంటారు?”

“అనం బాబూ.”

“పేరేదో ఉంటుంది కదయ్యా.”

“ఉంటే ఉంటది. అనం.”

శేషగిరి ఇరవై రెండో గడిలో ఝంఝామారుతం కొట్టేసి ‘అనరు’ అని రాశాడు. కలం ఇంకా పైకెత్తలేదు, గదిలో చీకటి కమ్మింది. దివిసీమ వైపు నుంచి నల్లగా ఏదో లేచింది. కిటికీ రెక్కలు రెండూ ఊడి అవతల పడ్డాయి. కాగితాలు లేచిపోతుంటే శేషగిరి ఫారం మీద బోర్లా పడుకున్నాడు. గాలి, వెనకే వాన. పదంటే పదే నిమిషాలు. ఆ పది నిమిషాల్లో నల్లబుట్ట కట్టే కంబం రెండుగా విరిగింది. ఒడ్డున ఇసుకలో ఉన్న పడవలు కూడా పక్కకు దొర్లిపోయాయి. తర్వాత ఏమీ ఎరగనట్టు ఎండ వచ్చింది.

పోతయ్య గుమ్మం పట్టుకుని సముద్రం వంక చూస్తున్నాడు. మామూలు రోజైతే రెండో వేట ముగించుకుని పడవలన్నీ తిరిగొచ్చే వేళ అది. అతని కొడుకులు ముగ్గురూ నీళ్ళ మీద ఉండే వేళ. ఇటు తిరిగి శేషగిరికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఇద్దరూ ఏమీ అనలేదు.

గొడుగుపేటలో మాత్రం చాలా అన్నారు. ఏ డాబా చూసినా మాగాయ పులుసైపోయి తూముల్లోంచి కారుతోంది. పొద్దున వస్తుందన్నప్పుడు రాలేదు, రాదన్న గంటకు వచ్చింది. ఇదేం మనిషమ్మా అని వీధి వీధంతా ఏకమై తిట్టింది. ఒక్క రామలక్ష్మమ్మగారు తన పాత జాడీలోంచి ఇంత మాగాయ తీసి, వేదవతి ఇంటికి వచ్చి ఇచ్చి, “వాన రాకడ, ప్రాణం పోకడ ఎవడికి తెలుసే? మీ వాడు అడిగాడు గనక ఇవాళ రేవులో ఎవరి చెయ్యీ జారలేదు” అని వెళ్ళిపోయారు.

సంజాయిషీ చివరికి దైవాధీనంగారే రాశారు. ‘గుమాస్తా ఉదయమే రేవులో స్థానిక విచారణ జరిపినందున గుర్తు ఎత్తడమైనది. సాయంత్రం ఐదింటికి గాలి వచ్చినది. ప్రాణనష్టం లేదు.’ నాలుగింటికి గుర్తు దించిన సంగతి రాయడానికి కాగితంలో చోటు లేకపోయింది.

మూడు వారాలకు జవాబు వచ్చింది. ఇరవై రెండు మాటల పట్టిక దివ్యంగా ఉందట. మద్రాసులో ఎవరో ఇరవై రెండో గడిని అక్షరాలా నమ్మేసి, ‘సాయంత్రం అనరు వీచును’ అని ఆ నెల్లోనే ఓ తంతి కూడా పంపించారు. శేషగిరిని పర్మనెంటు చేశారు. అంతేకాదు, ఇకమీదట ప్రతి ఉదయం పడవలు దిగే వేళకు తానే స్వయంగా రేవుకు వెళ్ళి, ఆ స్థానిక విచారణ తప్పకుండా జరపాలని ఉత్తర్వు ఇచ్చారు.

ఉత్తర్వు విని పోతయ్య హడలిపోయాడు. చాలాసేపు ఆలోచించి, “రండి బాబూ, మీరు రాకపోతే మీ ఉద్యోగం పోద్ది. మాట్లాడితే మా పడవ పోద్ది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు” అని ఇద్దరికీ కుదిరే ఒక ఏర్పాటు చెప్పాడు. ఆ ప్రకారం శేషగిరి రోజూ పొద్దున్నే గిలకలదిండి వెళ్ళి, ఇసుకలో అరగంట కూర్చుని, పెదవి విప్పకుండా తిరిగి వచ్చేవాడు. అది చూసి పడవలు దిగేవి. పడవలు దిగడం చూసి గొడుగుపేటలో వడియాలు పెట్టేవారు.

తెలుగు మాటల మీద ప్రేమకొద్దీ చేరిన ఆ ఉద్యోగంలో శేషగిరి పింఛను పుచ్చుకునేదాకా జీతం తీసుకున్నది నోరు మూసుకున్నందుకే.